పక్క మీద ఒక్క నిమిషం

అచ్యుతాపురానికి దగ్గర్లో, కొండకర్ల ఆవ ఒడ్డునున్న ఒక ఊళ్ళో ఓ ఆదివారం పొద్దున్న తెలిసినవారి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటాయనకు అరవై రెండేళ్ళు. కాస్త వరి, కాస్త చెరకు చేసుకునే రైతు. తెల్లారకముందే గట్టు మీద నడిచి పొలం చూసి వస్తేగానీ ఆయనకు రోజు మొదలవదు. కూతురికి ఇరవై నాలుగేళ్ళు. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో బట్టలు కుట్టే కంపెనీలో మిషను మీద పని. మాటల్లో నాడి సంగతి వచ్చింది. ఇద్దరి మణికట్టూ పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషం చొప్పున లెక్కపెట్టాను. తండ్రికి 60. కూతురికి 92.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "ఏటి మేస్టారూ, నాన్న కన్నా నా గుండె జోరుగా కొట్టుకుంటందంటే నాకు బలం ఎక్కువనే కదా?" అని అడిగింది.

చాలామంది అనుకునేది ఇదే. వయసులో ఉన్నవాళ్ళ గుండె గట్టిగా, వేగంగా కొట్టుకుంటుందని, పెద్దవాళ్ళది నెమ్మదిస్తుందని అనుకుంటాం. విశ్రాంతిగా ఉన్నప్పుడు సంగతి దాదాపు తలకిందులు. ఏ పనీ లేకుండా కుదురుగా ఉన్న వేళ గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటూ ఒంటికి కావలసిన రక్తం అందించగలిగితే, ఆ గుండె అంత చేవగలదని సాధారణంగా చెప్పుకోవచ్చు. ఆ పిల్ల ప్రశ్నకు పూర్తి జవాబే ఈ అధ్యాయం.

బోరింగు దగ్గర నేర్చుకునే పాఠం

మన ఊళ్ళలో బోరింగు కొట్టని చేయి లేదు. చిన్నపిల్ల బోరింగు కొడితే చూడండి. పిడి సగం దాకే దిగుతుంది, కొంచెం నీళ్ళు పడతాయి, మళ్ళీ గబగబా కొడుతుంది. అదే బిందె వాళ్ళమ్మ నింపాలంటే పిడిని పైదాకా లేపి కిందదాకా నొక్కుతుంది. ఒక్కో దెబ్బకు నిండుగా నీళ్ళు. బిందె అదే, నీళ్ళూ అవే. పిల్ల యాభైసార్లు కొడితే తల్లి పాతికసార్లలో ముగిస్తుంది.

గుండె పనీ ఇంతే. కుదురుగా ఉన్న మనిషికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. మామూలు గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు తోస్తుంది. అంటే నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటేగానీ 5 లీటర్లు అవవు. రోజూ నడిచి, పరిగెత్తి, ఈది సాధన చేసినవారి గుండె ఒక్కో స్పందనకు 100 మిల్లీలీటర్ల దాకా తోయగలదు. వాళ్ళకు 50 సార్లు చాలు. సాధన వల్ల గుండె గదులు మరింత నిండుతాయి, కండరం బలపడుతుంది, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు కూడా పెరుగుతుంది. అందుకే దూరం పరుగుల క్రీడాకారులకు విశ్రాంతి వేళ నాడి 40, 50 ఉండటం వింత కాదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. విశ్రాంతి నాడి 80 ఉన్న గుండె ఇరవై నాలుగు గంటలూ అదే వేగంతో కొట్టుకుంటే రోజుకు 1,15,200 సార్లు. 65 ఉన్న గుండె 93,600 సార్లు. తేడా 21,600. ఈ సంఖ్య మన పెద్దలకు కొత్తది కాదు. మనిషి రోజుకు తీసే శ్వాసలు 21,600 అని యోగశాస్త్రం లెక్క కట్టింది. ఒక రోజు శ్వాసలెన్నో, అన్ని స్పందనల విశ్రాంతి రోజూ మీ గుండెకు మిగులుతుందన్నమాట.

నాడి చెప్పే సాక్ష్యం

చేయి చూసి రోగం చెప్పడం మనకు తరతరాలుగా తెలిసిన విద్య. శార్ఙ్గధర సంహిత నాడి నడకను పాముతో, కప్పతో, హంసతో పోల్చింది. తెలుగు వైద్యులు తరాలుగా చేతపట్టిన బసవరాజీయం నాడీ పరీక్షకు పెద్దపీట వేసింది. వాళ్ళు నడక తీరు చూశారు. గడియారం వచ్చాక వేగాన్ని లెక్కపెట్టడం సాధ్యమైంది. జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు కచ్చితంగా ఒక నిమిషం నడిచే గడియారం చేయించుకుని, 1707లో నాడి లెక్క మీద పుస్తకం వేశాడు. ఆనాడు వైద్యుడి దగ్గరే ఉన్న ఆ సాధనం ఈనాడు ప్రతివారి ఫోన్‌లోనూ ఉంది.

ఈ అంకెను ఎందుకు పట్టించుకోవాలో చెప్పే గట్టి అధ్యయనాలు ఉన్నాయి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 2,798 మంది మగవారిని 16 ఏళ్ళపాటు గమనించి, ఫలితాలను 2013లో ప్రకటించారు. విశ్రాంతి నాడి 50 లోపు ఉన్నవారితో పోలిస్తే 90 దాటినవారికి మరణ ముప్పు సుమారు మూడింతలు కనిపించింది. వ్యాయామ సామర్థ్యం తేడాను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ ముప్పు మిగిలింది. నార్వేలో జరిగిన ఇంకో పెద్ద అధ్యయనం 2011లో వెలువడింది. పదేళ్ళలో 70 లోపు నుంచి 85 పైకి నాడి పెరిగినవారికి గుండెజబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపని తేల్చింది. ఈ రెండో అధ్యయనం మనకు మరీ ముఖ్యం. ఒక్కరోజు అంకె కన్నా, ఏళ్ళ తరబడి అది ఎటు నడుస్తోందన్నదే అసలు సమాచారం.

ఇదంతా ఎక్కడో చలిదేశాల గొడవ అనుకోవద్దు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2003-04లో ఎవరు దేనివల్ల చనిపోయారో ఇల్లిల్లూ తిరిగి నమోదు చేశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరిట జరిగిన పని అది. మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులదే. ప్రతి మూడు మరణాల్లో దాదాపు ఒకటి వాటివల్లే. పల్లెటూరి గాలి, పొలం పని మనల్ని కాపాడతాయన్న ధీమా ఇరవై ఏళ్ళ కిందటే చెల్లిపోయింది.

ఎలా లెక్కపెట్టాలి

అరుగు మీద నేను చూసిన 92 సరైన విశ్రాంతి నాడి కాదు. ఆ పిల్ల అప్పుడే ఇల్లు ఊడ్చి, టీ తాగి వచ్చింది. సరైన పద్ధతి ఇదీ.

1. నిద్ర లేచాక పక్క దిగకముందే చూసుకోండి. ఫోన్ చూడకముందు, టీ తాగకముందు. అలారం మోతకు ఉలిక్కిపడి లేస్తే రెండు మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోండి.

2. అరచేతిని పైకి తిప్పండి. బొటనవేలి మొదట్లోంచి మణికట్టు వైపు జరిగితే ఎముక పక్కన చిన్న పల్లం తగులుతుంది. రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు అక్కడ మెత్తగా ఆనించండి. బొటనవేలు వాడొద్దు. దానిలోనే నాడి కొట్టుకుంటూ లెక్క తప్పిస్తుంది.

3. నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే ఒక్క పొరపాటు నాలుగు పొరపాట్లవుతుంది.

4. వేగంతో పాటు లయ గమనించండి. మధ్యమధ్యలో తప్పుతోందా, గజిబిజిగా ఉందా అన్నది కూడా రాయండి.

5. వరసగా ఏడు రోజులు రాసి, కలిపి, ఏడుతో భాగించండి. అదే మీ అంకె.

నైట్ షిఫ్టు చేసేవారికి ఒక మాట. మీ పొద్దు సూర్యుడితో పాటు రాదు. డ్యూటీ దిగి వచ్చి, పగలు నిండుగా నిద్రపోయి లేచినప్పుడు చూసుకోండి. షిఫ్టు మారిన మొదటి రెండు మూడు రోజుల అంకెల పక్కన 'షిఫ్టు మార్పు' అని రాసి, సగటులో కలపకండి.

చేతికి స్మార్ట్ వాచీ ఉంటే మంచిదే. చర్మం మీద పచ్చటి వెలుతురు వేసి రక్త ప్రవాహపు హెచ్చుతగ్గులను చదివే ఆ పరికరం కుదురుగా ఉన్నప్పుడు బాగానే చెబుతుంది. అయినా నెలకోసారి వేళ్ళతో సరిచూసుకోండి. లయ తప్పడం వేలికి తెలిసినంత బాగా స్క్రీన్ మీది అంకెకు తెలియకపోవచ్చు.

అంకెను చదవడం

పెద్దవాళ్ళకు 60 నుంచి 100 దాకా మామూలని వైద్యపుస్తకాలు చెబుతాయి. కానీ 62 కీ 98 కీ మధ్య చాలా దూరం ఉంది. 80 పైన ఉండేవారు దాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేయడం మంచిది. ఆడవారికి మగవారికన్నా కొద్దిగా ఎక్కువ ఉంటుంది, నెలసరికి ముందు రోజుల్లో రెండు మూడు పెరగవచ్చు, గర్భిణులకు పెరగడం సహజం. చిన్నపిల్లలకు ఈ కొలత అసలు వర్తించదు.

మీ అంకె తెలిశాక, రోజువారీ మార్పులు మీతో మాట్లాడటం మొదలుపెడతాయి. మామూలుగా 70 ఉండే మీకు ఒక పొద్దున 79 వచ్చిందనుకోండి. రాత్రి నిద్ర చాలలేదేమో, నిన్న నీళ్ళు తక్కువ తాగారేమో, జ్వరం తగలబోతోందేమో చూసుకోండి. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి సుమారు పది పెరుగుతుంది. మందు తాగిన మర్నాడు పెరుగుతుంది. బీడీ, సిగరెట్టు పెంచుతాయి. ఇంట్లో గొడవ, అప్పు దిగులు కూడా ఆ అంకెలో కనిపిస్తాయి. అంకె పెరిగిన రోజు కష్టమైన వ్యాయామం పెట్టుకోకుండా ఒళ్ళు తేరుకోనివ్వండి.

మన తీరం ఉక్కపోత సంగతి వేరుగా చెప్పాలి. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట కారిపోతుందే తప్ప ఆరదు. ఒళ్ళు చల్లబరచడానికి గుండె చర్మం వైపు మరింత రక్తం పంపాలి, పైగా చెమట వల్ల రక్తంలో నీరు తగ్గుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో అంకె కాస్త పెరిగితే సామర్థ్యం పడిపోయిందని దిగులుపడకండి. ఉప్పేసిన మజ్జిగ, చోడంబలి, మంచినీళ్ళు వేళకు పడేలా చూసుకోండి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు విషయం డాక్టరునడగాలి.

ఇక ఆ పిల్ల సంగతి. ఏడు పొద్దులు లెక్కపెట్టి ఫోన్ చేసింది. సగటు 88. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, మధ్యాహ్నానికి తల తిరుగుతోందని అప్పుడు చెప్పింది. రక్త పరీక్ష చేయించుకోమన్నాను. హిమోగ్లోబిన్ 9 గ్రాములు. ఉండాల్సింది 12. రక్తం పలచనైతే అదే ప్రాణవాయువును మోయడానికి గుండె ఎక్కువసార్లు తిరగాలి, సగం బస్తాలతో బండి రెండుసార్లు తిరిగినట్టు. ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అందుకే, ఆడపిల్లకు నాడి ఎక్కువుందంటే 'వ్యాయామం చెయ్యి' అనేముందు రక్తం పరీక్ష చేయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా నాడి పెరుగుతుంది. కారణం తెలియకుండా అంకెను తరమకూడదు.

అలుపు వేరు, సాధన వేరు

"రోజంతా మిషను మీద నడుం విరిగేలా పని చేస్తన్నాను, ఇంకా ఏటి వ్యాయామం?" అని ఆ పిల్ల అడిగింది. న్యాయమైన ప్రశ్న. కూర్చుని కుట్టే పనికి నడుము, మెడ, కళ్ళు అలుస్తాయి. గుండెకు మాత్రం వేగంగా కొట్టుకునే అవకాశం రాదు. గంటల తరబడి బరువులు మోసేవారిది ఇంకో రకం. వాళ్ళ గుండె రోజంతా వేగంగానే ఉంటుంది, తేరుకునే విరామం దొరకదు. గుండెకు బలం పెరిగేది శ్రమ, ఆ తర్వాత విశ్రాంతి, ఈ రెండూ కలిసినప్పుడే.

ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల దగ్గర, సెజ్‌లో బాయిలర్ల దగ్గర వేడిలో పనిచేసే అన్నదమ్ములకు నాడి ఇంకో ఉపకారం చేస్తుంది. లూసియన్ బ్రూహా అనే శాస్త్రవేత్త ఫ్యాక్టరీ కార్మికులు పని ఆపాక వారి నాడి ఎంత త్వరగా దిగుతోందో కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1960లో దానిమీద పుస్తకం రాశాడు. పద్ధతి తేలికే. విరామానికి కూర్చోగానే గడియారం చూడండి. మొదటి అర నిమిషం వదిలేసి, తర్వాతి అర నిమిషం నాడి లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. 110 లోపుంటే ఒళ్ళు తట్టుకుంటోంది. 110 దాటిందంటే ఆ వేడికి, ఆ పనికి ఆ విరామం చాలడం లేదు. అలాంటప్పుడు తర్వాతి విడత పనిని మూడో వంతు తగ్గించాలని పారిశ్రామిక ఆరోగ్య సూత్రం. సూపర్వైజర్లు, కాంట్రాక్టర్లు ఈ మాట చదవాలని నా కోరిక. పనివాడు 'కళ్ళు తిరుగుతున్నాయి' అనేలోపే అతని మణికట్టు ఆ సంగతి చెబుతుంది.

పన్నెండు వారాల బాట

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన ఐదుగురు కుర్రాళ్ళను మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టి పరీక్షించారు. వాళ్ళ శ్రమశక్తి దారుణంగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళనే పిలిచి చూస్తే, ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. అంతకన్నా మంచి కబురు ఇంకొకటి ఉంది. యాభై ఏళ్ళ వయసులో వాళ్ళు ఆరు నెలలు క్రమంగా సాధన చేస్తే పోయిన శక్తి తిరిగొచ్చింది. గుండెకు మనం చేసిన అపకారం గుర్తుంటుంది, ఉపకారమూ గుర్తుంటుంది. ఆ ఉపకారం మొదలుపెట్టడానికి పన్నెండు వారాల బాట ఇదీ.

మొదటి నాలుగు వారాలు: వారానికి ఐదు రోజులు, రోజుకు 15 నిమిషాల నడక. గట్టి నేల మీదే. పూడిమడక తీరపు ఇసుకలో నడవాలనిపిస్తుంది గానీ మొదట్లో అది పిక్కలకు భారం. ఎండ ముదరకముందో, పొద్దు వాలాకో నడవండి.

ఐదు నుంచి ఎనిమిది వారాలు: 20 నుంచి 25 నిమిషాలు. వేగం ఎంతంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

తొమ్మిది నుంచి పన్నెండు వారాలు: 30 నిమిషాలు. ఐదు రోజులకు 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కనీస మోతాదు ఇదే. ఒళ్ళు సహకరిస్తే మధ్యలో ఒక నిమిషం వడివడిగా, రెండు నిమిషాలు నిదానంగా, ఇలా ఐదారుసార్లు.

దీనికి తోడు నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వకండి. పొగాకు మానండి. పన్నెండు వారాలకు నాడి నాలుగైదు తగ్గితే అది గొప్ప ఫలితమే. పక్కింటాయనకు 58 ఉందని దిగులుపడొద్దు. పుట్టుకతో వచ్చే తేడాలు ఉంటాయి. మీరు పోల్చుకోవలసింది నిన్నటి మీతోనే.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

కుదురుగా ఉన్నా నాడి రోజుల తరబడి 100 దాటుతుంటే, లయ గజిబిజిగా ఉంటే, సాధన చేయనివారికి 50 కన్నా తగ్గి కళ్ళు తిరుగుతుంటే, ఏ కారణమూ లేకుండా వారం రోజులుగా మామూలు కన్నా పది ఎక్కువుంటే డాక్టరుకు చూపించుకోండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి నాడి మందువల్లే తగ్గుతుంది. దాన్ని చూసి 'బాగైపోయాను' అని మాత్ర మానడం ప్రమాదం. నలభై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు నడక వేగం పెంచేముందు ఒకసారి అడగాలి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చల్లటి చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకితే నాడి లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మూడు నెలల తర్వాత ఆ అరుగు మీదకే వెళ్ళాను. ఆ పిల్ల పాత క్యాలెండరు కాగితం తెచ్చి చూపించింది. ప్రతి తేదీ గళ్ళోనూ పెన్నుతో చిన్న అంకె. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలను టీతో కాకుండా నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంది. సాయంత్రం బస్సు ఒక స్టాపు ముందే దిగి నడిచింది. మొదటి గడిలో 88, చివరి గడిలో 75. షిఫ్టు మారిన రోజుల్లో 84, 86 అని పెరిగి, మళ్ళీ దిగాయి. తండ్రి వాటిని వేలితో చూపిస్తూ, "ఈ రోజుల్లో ఒళ్ళు బాగోలేదని చెప్పనేలేదు, ఇక్కడ రాసుందే" అన్నాడు.

మీ ఇంట్లోనూ గోడకు క్యాలెండరు ఉంటుంది. రేపు నిద్ర లేవగానే రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టి ఒక్క నిమిషం లెక్కపెట్టండి. రేపటి తేదీ గళ్ళో ఆ అంకె రాయండి. తర్వాత ఇంట్లోవాళ్ళందరికీ నేర్పండి, ముందుగా మీ అమ్మకు. పుట్టక ముందు నుంచీ ఒక్క క్షణం ఆగకుండా మీకోసం పనిచేస్తున్న గుండెకు రోజుకు ఒక్క నిమిషం ఇవ్వండి.